వైద్యం హక్కా, ఖైరాతా? – మన సీమ చరిత్రలో ఒక ప్రశ్న

ఈ ఏడాది సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు కబురు చేసినప్పుడు ఆదోని గురించి రాద్దామనుకున్నాను. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు గురించి, బసాలత్ జంగ్ దర్బారు గురించి రాయడానికి కావలసినంత ఉంది. కానీ దానికి అడ్డం వచ్చింది మా తరగతిలో ఒక అమ్మాయి.

ఎనిమిదో తరగతికి ప్రాథమిక హక్కుల పాఠం చెప్తా ఉంటిని. మాది ఉర్దూ మీడియం కాబట్టి 'బునియాదీ హుఖూఖ్' అని బోర్డు మీద రాసి, 6 నుంచి 14 ఏళ్ళ దాకా పిల్లలందరికీ చదువు హక్కు అయిందని, 2009లో చట్టం చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో పెట్టినారని చెప్పినాను. ఆ అమ్మాయి లేచి నిలబడి, "సార్, బడి హఖ్ అయితే దవాఖానా హఖ్ కాదా?" అనింది. అంతలో గంట కొట్టినారు. "రేపు చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను. గంట కొట్టిన అటెండరుకు ఆ రోజు మనసులోనే సలాం చేసుకున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మనం తెలుగులో రోజూ వాడే 'హక్కు' అనే మాట మన ఇండ్లలోని మాటే. అరబ్బీ 'హఖ్' ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి, దఫ్తరు, జమాబందీ, దస్తావేజు మాటలతో బాటు కచేరీ కాగితాలలో చేరి తెలుగయింది. ఖైరాత్ అంటే మనసున్న మారాజు ఇచ్చేది. ఇయ్యకపోతే అడగడానికి లేదు. హఖ్ అంటే ఇయ్యకపోతే నిలదీసి అడిగేది. ఈ రెండింటి నడుమ మన సీమ జనం ఆరోగ్యం రెండు వందల ఏండ్లుగా ఊగులాడుతున్నది. నాకు తెలిసినంత మేరకు ఆ కథ చెప్తాను.

ఒక గవర్నరు చావుతో మొదలుపెడతాను. 1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినాడు. దత్తమండలాలు అనే పేరు అందువల్ల వచ్చింది. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. తర్వాత ఆయన మద్రాసు గవర్నరు అయినాడు. ఉద్యోగం చాలించి సీమకు పోయే ముందు తన పాత జిల్లాలను ఒకసారి చూసి పోదామని 1827లో బయలుదేరి వచ్చినాడు. మన పత్తికొండలో కలరా తగిలింది. జులై 6వ తేదీన అక్కడనే ప్రాణం పోయింది. మద్రాసు రాజధాని అంతటికీ యజమాని, డబ్బుకు గానీ మనుషులకు గానీ లోటు లేనివాడు. అయినా దారిన పోయే బండివాడు ఎట్లా పోయేవాడో ఆయనా అట్లానే పోయినాడు. ఎందుకంటే ఆనాటి వైద్యానికే కలరా అంటే ఏమిటో తెలియదు.

ఇప్పుడు తెలుసు. 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలకత్తాలో ఆ క్రిమిని చూసినాడు. 1959లో అదే కలకత్తాలో శంభునాథ్ డే ఆ క్రిమి పేగులలో వదిలే విషాన్ని కనిపెట్టినాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబీస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ములతో తాగించి వేలమందిని నిలబెట్టినాడు. ఈనాడు ఆ పొడి పొట్లం ఆశా కార్యకర్త సంచిలో ఉంటుంది. గవర్నరును కాపాడలేని కాలం పోయి, కూలివాని బిడ్డను కొన్ని రూపాయలతో కాపాడగలిగే కాలం వచ్చింది. హక్కు అనే ప్రశ్న పుట్టేది ఇక్కడనే అని నాకు తోస్తుంది. మందు లేనప్పుడు చావును తలరాత అంటిమి. మందు ఉండి, అది పదిమైళ్ళ అవతల అల్మారాలో ఉండి అందనప్పుడు దాన్ని తలరాత అనడానికి నాకు నోరు రాదు.

రెండో ఘట్టం ధాతు కరువు. 1876లో వానలు మొగం చాటేసినాయి. అప్పటికి మన కోసిగి బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉంది. గుంతకల్లు మీద నుంచి రాయచూరుకు రైలుపట్టాలు 1871కే పడినాయి. అంటే మన ఊరి ముందర రైలు నడుస్తానే ఉంది, ఊర్లో మాత్రం తిండి లేదు. గింజలు లేక కాదు, కొనే దానికి చేతిలో డబ్బు లేక జనం చచ్చినారు. రైలు వచ్చిన తర్వాత గింజలు ఎక్కడ ధర ఎక్కువ పలికితే అక్కడికే పోయినాయి.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లకు కంకర కొట్టడం, చెరువుకట్టలకు మట్టి మోయడం. 1877 జనవరిలో పై ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, ఖర్చు ఎక్కువ అవుతున్నదని కూలి తగ్గించినాడు. మగమనిషికి దినానికి ఒక పౌను గింజలు, పైన కొద్దిగా చిల్లర డబ్బు. పౌను అంటే ఇప్పటి లెక్కన అరకిలోకు తక్కువ. దినమంతా మట్టి మోసేవానికి ఇది! అప్పుడు మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ విలియం కార్నిష్ అడ్డం తిరిగినాడు. ఆయన కూడా దొరే, అదే సర్కారు జీతగాడే. కానీ డాక్టరు. ఇంత తిండితో పనిచేసే శరీరం నిలబడదు, జైలులో ఖైదీకి ఇచ్చే తిండి కన్నా ఇది తక్కువ, పప్పు గానీ కూరగాయ గానీ లేకుండా వట్టి గింజలతో మనిషి బతకడు అని లెక్కలు వేసి చూపించినాడు. కొన్ని నెలలు ఇద్దరికీ కాగితాల మీద యుద్ధం జరిగింది. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచక తప్పలేదు. కానీ అప్పటికే శిబిరాలలో కలరా, విరేచనాలు తమ పని చేసుకుపోతున్నాయి.

1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది. బళ్ళారి జిల్లాలో ఐదో వంతు. అందరూ చావలేదు, వలస పోయినవాళ్ళు కూడా ఆ లెక్కలో ఉన్నారు. అయినా ఐదిండ్లలో ఒక ఇల్లు తలుపు మూసుకున్నట్లు ఊహించుకోండి.

ఈ కార్నిష్, టెంపుల్ల తగాదాను నేను ఇంత సేపు ఎందుకు చెప్పినానంటే, మన నేల మీద మొదటిసారి ఒక సర్కారు డాక్టరు సర్కారుకే ఎదురు నిలిచి, 'మనిషి బతకడానికి ఇంత కావాలి, ఇంతకన్నా తగ్గిస్తే అది ఖర్చు తగ్గించడం కాదు, చంపడం' అనే అర్థం వచ్చేటట్లు వాదించినాడు. హక్కు అనే మాట ఆయన వాడినాడో లేదో గానీ, వాదన మాత్రం అదే. టెంపుల్ వాదన కూడా పాతబడలేదు. 'అంత డబ్బు యాడనుంచి తెచ్చేది?' అనేది ఇప్పటికీ ప్రతి బడ్జెట్టు ముందర వినపడే మాటే.

మరి ఇంగ్లీషువాళ్ళకు ముందు మనవాళ్ళు ఏమీ చేయలేదా అని చదువరులు అడగవచ్చు. చేసినారు. గుంటూరు సీమలో మల్కాపురం శాసనం 1261 నాటిది, కాకతీయుల రుద్రమదేవి కాలానిది. గోళకీ మఠానికి ఇచ్చిన దానంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువుల శాల అన్నీ ఉన్నాయి. మగవాళ్ళు రాయించిన శాసనాలలో కాన్పుల ఇంటి ఊసు ఎంత అరుదో చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. బీదరులో బహమనీ సుల్తాను అలావుద్దీన్ అహ్మద్ షా పెద్ద దవాఖానా కట్టించి, ఖర్చులకు గ్రామాల ఆదాయం రాసిచ్చి, ముస్లిం హకీములనూ హిందూ వైద్యులనూ ఇద్దరినీ పెట్టినాడని ఫరిష్తా రాసినాడు. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595 ప్రాంతంలో దారుష్షిఫా కట్టించినాడు. నడుమ విశాలమైన చావడి, చుట్టూ రెండంతస్తుల గదులు. రోగులకు మందులు ఊరికే ఇచ్చేవాళ్ళు, యునానీ వైద్యం నేర్చుకునే శిష్యులూ అక్కడే ఉండేవాళ్ళు.

దీనికి వెనక ఇస్లామీ దేశాలలో పెద్ద సంప్రదాయమే ఉంది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన దవాఖానాకు రాసిన వక్ఫ్ పత్రంలో ధనికుడు, పేదవాడు, ఆడ, మగ అనే భేదం లేకుండా వైద్యం చేయాలని రాయించినాడు. వక్ఫ్ అంటే ఒకసారి రాసిచ్చిన ఆస్తిని ఇచ్చినవాడు కూడా తిరిగి తీసుకోవడానికి వీల్లేనిది. ఖైరాత్‌ను హఖ్ దాకా తీసుకుపోయే ప్రయత్నం ఇదే అని నా అభిప్రాయం. ఇచ్చేవాని మనసు మారినా రోగి మంచం కదలకూడదని ఆ ఏర్పాటు.

కానీ మనం మనవాళ్ళ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. దారుష్షిఫాకు మన కోసిగి రైతు పోగలిగేవాడా? పోలేడు. అప్పటికి ఆదోని సీమ గోల్కొండది కూడా కాదు, బిజాపూరుది. ఈ దవాఖానాలన్నీ రాజధానులలోనో, పెద్ద మఠాల దగ్గరనో వెలిసినాయి. రాజ్యం ఉన్నంతకాలం ఉన్నాయి. ఈనాడు దారుష్షిఫా అంటే హైదరాబాదు పాతబస్తీలో ఒక మొహల్లా పేరు. ఆ పేరు వినేవాళ్ళలో ఎంతమందికి దాని అర్థం 'స్వస్థత నిలయం' అని తడుతుందో!

స్వాతంత్ర్యానికి కొంచెం ముందు, 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసినారు. 1946లో ఇచ్చిన నివేదికలో వాళ్ళు పెట్టుకున్న మూలసూత్రం ఒకటే: డబ్బు కట్టలేని కారణం చేత ఏ మనిషీ సరైన వైద్యానికి దూరం కాకూడదు. దాని ప్రకారం 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని మొదటి మెట్టుగా చెప్పినారు. 1952 నుంచి ఆ కేంద్రాలు రావడం మొదలయింది. రాజ్యాంగం రాసినవాళ్ళు ప్రజారోగ్యాన్ని 47వ అధికరణంలో పెట్టినారు. అయితే అది ఆదేశిక సూత్రాల భాగంలో ఉంది. ఆదేశిక సూత్రం అంటే పిల్లలకు నేను ఇట్లా చెప్తాను: సర్కారు చేయవలసిన పనే, చేయకపోతే దాన్ని పట్టుకుని కోర్టుకు పోవడానికి మాత్రం వీల్లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి నుంచి విడిపడి మనవైపు వచ్చింది. దాంతో మన జిల్లా కచేరీ, జిల్లా ఆస్పత్రి రెండూ కర్నూలు అయినాయి. 1956లో కర్నూలు వైద్య కళాశాల పెట్టినారు. రాజధాని హైదరాబాదుకు పోయినా అది మిగిలింది, సంతోషం. ఇప్పటికీ సీమ నాలుగు దిక్కుల నుంచీ, అవతల గద్వాల, రాయచూరు వైపు నుంచీ కూడా కర్నూలు పెద్దాసుపత్రికే జనం వస్తారు. అందులో మంచం దొరకక కింద పరుపు వేసుకున్నవాళ్ళను ఎరుగని కుటుంబం మన ఊర్లో ఉండదు. అయినా అది లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. కర్నూలులోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరు మీద యునానీ వైద్య కళాశాల కూడా ఉంది. పేరులోనే హఖ్ ఉండడం కాకతాళీయమే అనుకోండి.

ఇక నా సొంత విషయం కొంచెం చెప్పాలి. చరిత్ర వ్యాసంలో ఇంటి సంగతులు ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. మన ఇంటి సంగతి మనం రాయకపోతే ఏ గెజెటీరులో రాస్తారు?

2003లో మా అబ్బాకు గుండె కవాటం చెడిందని తేలింది. ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో హమాలీ. మాకు కోసిగి దగ్గర మూడెకరాల మెట్ట చేను ఉండేది. ఒక పట్నంలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయినాము. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. ఆయనను బల్ల మీద పండబెట్టే ముందే డిపాజిట్ కట్టమన్నారు. మా చిన్నాన్న అక్కడ నుంచి తిరిగి రాత్రి బండికి ఊరికి వచ్చి చేను బేరం పెట్టినాడు. పక్క చేను రైతు మా వాకిట్లోకి వచ్చి, "ఏం సాయిబన్నా, చేను అమ్ముతాండారంట గదా?" అన్నాడు. "ఆ అప్పా, అన్నకు ఒంట్లో బాగలేదు" అన్నాడు చిన్నాన్న. ఆ రైతు మంచివాడే. ఉన్నంతలో ధర తక్కువ చేయలేదు. కానీ అవసరానికి అమ్మేవానికి వచ్చే ధర ఎంతో అందరికీ తెలుసు. మూడెకరాలు పోయినాయి, మా అమ్మ మెడలోది పోయింది, పైన వడ్డీకి తెచ్చింది ఏడేండ్లు కట్టినాము. జబ్బు ఒక పక్క, అప్పు ఒక పక్క, గోరుచుట్టు మీద రోకటి పోటు.

అబ్బా బతికినాడు. పదకొండేండ్లు బతికినాడు. ప్రతి ఏడూ తొలకరి పడినప్పుడు పొద్దున్నే లేచి ఆ చేని గట్టు మీద పోయి నిలబడేవాడు. ఒకసారి నేను పిలుచుకురాను పోతే, "ఈ చేనంతా నా గుండెకాయలో ఉండాది రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మా అబ్బాకు ఆపరేషన్ అయిన నాలుగేండ్లకు, 2007 ఏప్రిల్ 1న, ఆరోగ్యశ్రీ మొదలయింది. ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో పెట్టి, 2008 కల్లా రాష్ట్రమంతటా విస్తరించినారు. పెట్టించిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు కూడా సీమవాడే, డాక్టరే. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పనిచేసినవాడు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి గుండె, కిడ్నీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులకు పేరు చేర్చిన ఆస్పత్రులలో, ప్రైవేటువాటిలో కూడా, డబ్బు కట్టకుండా వైద్యం. తర్వాత ప్రభుత్వాలు మారినాయి, పథకం పేర్లు మారినాయి, 2020లో వెయ్యి రూపాయలు దాటిన వైద్యాలను అందులో చేర్చినారు. 2018లో కేంద్రం కూడా ఆయుష్మాన్ భారత్ పేరుతో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇట్లాంటి ఏర్పాటే తెచ్చింది. రాజకీయాల సంగతి నేను మాట్లాడను. మా చుట్టాలలోనే ఒక పిల్లవానికి మా అబ్బాకు చేసిన ఆపరేషనే కర్నూలులో పైసా డిపాజిట్ లేకుండా అయింది. వాళ్ళ చేను వాళ్ళకు ఉంది. ఈ తేడా తెలిసినవాణ్ణి నేను, దీన్ని తేలిక చేసి మాట్లాడలేను.

కానీ లోటు కూడా చెప్పాలి గదా. మన మండలం నుంచి ప్రతి ఏడూ పంటలు అయిపోయినాక వేలమంది గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, బెంగుళూరుకు కట్టడం పనులకు పోతారు. జనవరి వచ్చేసరికి నా తరగతిలో బెంచీలు ఖాళీ. ఆ పిల్లల టీకాల కార్డు ఇక్కడ ఉంటుంది, పిల్ల మిరప చేలో ఉంటుంది. కడుపుతో ఉన్న కోడలు పేరు ఇక్కడి అంగన్‌వాడీలో ఉంటుంది, నొప్పులు అక్కడ వస్తాయి. ఆపరేషన్ దాకా పోయిన జబ్బుకు సర్కారు డబ్బు కడుతుంది, అంతదాకా పోకుండా ఆపే బి.పి. మాత్రకు, షుగరు పరీక్షకు మనిషి ఒకరోజు కూలి వదులుకోవాలి. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడానికి కావలసినన్ని ఆకులు ఇచ్చి, చేతులు కాలకుండా చూసే పనిని మరిచినట్లు ఉంది. కేంద్రం లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికి అయ్యే ప్రతి 100 రూపాయలలో జనం తమ జేబులో నుంచి పెట్టుకునేది 2013–14లో 64 రూపాయలు, 2021–22 నాటికి 39. తగ్గింది, నిజమే. ఆ మిగిలిన 39లో ఎక్కువ భాగం మాత్రలు, పరీక్షలు, రోజువారీ డాక్టరు ఫీజులదే.

చట్టం ఏమంటుంది? ఇది చదువరులు తప్పక తెలుసుకోవలసిన సంగతి. 1992 జులై 8న పశ్చిమ బెంగాలులో హకీమ్ షేక్ అనే వ్యవసాయ కూలి మథురాపూర్ స్టేషన్ దగ్గర రైలు నుంచి పడినాడు. తలకు దెబ్బ తగిలింది. దగ్గరున్న ఆరోగ్య కేంద్రంలో సౌకర్యం లేదని పంపించినారు. ఆ రాత్రి కలకత్తాలో ఒక సర్కారు ఆస్పత్రి తర్వాత ఒకటి తిప్పినారు. ఒకచోట మంచం లేదు, ఒకచోట యంత్రం లేదు. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చి సుమారు 17,000 రూపాయలు పెట్టుకున్నారు. ఆయన ఊరుకోలేదు. ఖేత్ మజ్దూర్ సమితి అనే కూలీల సంఘం ఆయనతో కలిసి సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో కోర్టు తీర్పు చెప్పింది: ప్రమాదంలో ఉన్న మనిషికి సకాలంలో వైద్యం ఇయ్యకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కును కాలరాయడమే, డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదు. 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. 1877లో టెంపుల్ దొర వేసిన ప్రశ్నకు 119 ఏండ్ల తర్వాత ఒక కూలివాని కేసులో జవాబు వచ్చిందని నేను అనుకుంటాను. మన ఊర్లో కూడా రైలు ఆగుతుంది, మన కూలీలు కూడా తలుపు దగ్గర వేలాడుతూ పోతారు. కాబట్టి ఈ తీర్పు మనకు దూరపు సంగతి కాదు.

అయితే ఈ తీర్పు ప్రాణం మీదికి వచ్చినప్పటి వైద్యం గురించి. రోజువారీ వైద్యాన్ని హక్కు చేయాలని కేంద్రం 2015లో బయటపెట్టిన ఆరోగ్య విధానం ముసాయిదాలో ఒక ప్రతిపాదన ఉండేది. 2017లో విధానం ఖాయం చేసినప్పుడు అది లేదు. ఆస్పత్రులు, డాక్టర్లు చాలినంత లేకుండా హక్కు ఇస్తే కోర్టు కేసులు తప్ప ఏమీ మిగలదనే వాదన గెలిచింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు అవుతుందని వాళ్ళ భయం. ఆ భయంలో కొంత నిజం ఉంది, నేను కాదనను. కానీ చదువు విషయంలో కూడా బడులన్నీ సిద్ధమయినాక చట్టం చేయలేదు. చట్టం వచ్చినాకనే మా బడికి మరుగుదొడ్డి వచ్చింది. రాజస్థాన్ 2023 మార్చిలో దేశంలో మొదటిసారి ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు రోడ్ల మీదికి వచ్చినారు. ఊరికే చేసిన వైద్యానికి డబ్బు ఎవరు ఇస్తారని వాళ్ళు అడిగినారు. అది కూడా న్యాయమైన ప్రశ్నే. హక్కు రోగిదైతే బిల్లు రాజ్యానిది కావాలి, డాక్టరుది కాదు.

బిల్లు రాజ్యమే కట్టే దేశం లేకపోలేదు. బ్రిటన్‌లో వేల్స్ అనే కొండప్రాంతంలో ట్రెడిగర్ అనే బొగ్గు గనుల ఊరు ఉంది. అక్కడి కూలీలు 1890 ప్రాంతంలో ఒక సహాయ సంఘం పెట్టుకుని, కూలిలో నుంచి వారం వారం కొన్ని పెన్నీలు వేసుకుని, డాక్టర్లను తామే జీతానికి పెట్టుకున్నారు. అంటే మన సొసైటీ లాంటిదే. ఆ ఊరిలో పుట్టి, చిన్నతనంలోనే గనిలో దిగి, ఆ సంఘం ఆస్పత్రి కమిటీలో పనిచేసిన ఎన్యూరిన్ బెవాన్ తర్వాత ఆరోగ్య మంత్రి అయినాడు. తన ఊరి సంఘం పద్ధతిని దేశం మొత్తానికి పెట్టి 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టించినాడు. పన్నుల డబ్బుతో నడుస్తుంది, రోగి డాక్టరు ముందర జేబు తీయనక్కరలేదు. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఆ ఆస్పత్రులలోనే ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళకూ ఇప్పుడు ఇక్కట్లు ఉన్నాయి. ఆపరేషన్లకు నెలల తరబడి వరుసలో ఉండాలి. కానీ చేను అమ్ముకుని ఎవరూ వరుసలో నిలబడరు.

మన కర్నూలు మనిషి ఒకరి గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారు కర్నూలు వైద్య కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత సొంత ఆస్పత్రి పెట్టుకున్నారు. 'రెండు రూపాయల డాక్టరు' అని జిల్లా అంతా పేరు. తర్వాత రోజులలో పదో ఇరవయ్యో అయింది. రోగి తనకు తోచినంత అక్కడ పెట్టి, చిల్లర కావాలంటే తానే తీసుకునేవాడని, ఎవరు ఎంత వేసినారో డాక్టరు గారు చూసేవారు కాదని వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు, పత్రికలూ రాసినాయి. హిందువు, ముస్లిం, కన్నడం మాట్లాడేవాడు, పాలమూరువాడు అందరూ ఆ వరండాలోనే. కరోనా వచ్చిన తొలిరోజులలో కూడా రోగులను చూసినారు. 2020 ఏప్రిల్‌లో ఆ జబ్బుతోనే చనిపోయినారు. జనాజాకు జనం రావడానికి వీల్లేని లాక్‌డౌన్ రోజులు. మామూలు రోజులైతే కర్నూలు రోడ్లు పట్టేవి కావు.

అట్లాంటి మనిషిని ఖైరాత్ అనడానికి నాకు మనసు ఒప్పదు. కానీ ఆయన పోయిన మరునాడు ఆ వరండాలో నిలబడవలసిన రోగులు ఎక్కడికి పోయినారు? ఒక మనిషి మంచితనం ఆ మనిషితో పోతుంది. కుతుబ్ షా దవాఖానా ఆయన రాజ్యంతో పోయినట్లే. మంచివాళ్ళు లేకపోతే రాజ్యం కదలదు, నిజమే. కార్నిష్ లాంటివాడు లేకపోతే ఆ పౌను గింజలే మిగిలేవి. కానీ ఎవరో ఒక మంచివాడు పుట్టేదాకా రోగి ఎదురుచూడాలంటే ఎట్లా?

ఇదంతా మా ఎనిమిదో తరగతి అమ్మాయికి మరునాడు నేను చెప్పలేదు. ఇంత నాకు అప్పుడు తెలియదు. "సగం హక్కు అయిందమ్మా, సగం కాలేదు" అని చెప్పినాను. ఆ పిల్ల దాన్ని నోట్సులో రాసుకుంది, పరీక్షలో వస్తుందేమో అని.

పోయిన నెల ఆ అమ్మాయి వాళ్ళ నాయన బడికి వచ్చినాడు. భార్యకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారట, ఆస్పత్రిలో కార్డు చెల్లదన్నారట. కాగితాలు చూస్తే ఆధార్‌లో 'షేక్ మహబూబ్ బీ', రేషన్ కార్డులో 'ఎస్. మాబున్ని', మా బడి పాత రిజిస్టరులో ఉర్దూలో 'షేఖ్ మహబూబున్నిసా'. ఆమె మా బడిలోనే ఐదో తరగతి దాకా చదివింది. మన ఇండ్లలో సగం ఆడవాళ్ళ పేర్ల గతి ఇంతే. ఉర్దూలో ఒక తీరు, తెలుగులో రాసుకున్నవాని చెవికి వినపడినది ఒక తీరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారే, ఇక్కడ పూజారి కంప్యూటరు. నేను ఆ రిజిస్టరు పేజీ వెదికి, అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ వేసి, హెడ్‌మాస్టరు గారి ముద్రతో ఒక ధ్రువపత్రం రాసిచ్చి, సచివాలయానికి పంపినాను. పేరు సరిచేయడానికి పదిహేను రోజులు పడుతుందన్నారట. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే రోజుకు పన్నెండు రోజులు అయింది.